మూడు జానల ఎత్తు

పాత నోటుపుస్తకాలు నేను పారెయ్యను. వాటిలో ఒకదాని మధ్య పేజీలో, ఒక ఫిబ్రవరి తేదీ కింద, నా చేతిరాతలో ఈ ముక్కలున్నాయి: 'ఈ పర్ర మీదికి నీళ్ళు అమాసకీ పున్నానికీ తప్ప రావు. వచ్చినవి వెనక్కి పోవు, అక్కడే ఎండుతాయి.' చెప్పింది మమ్మల్ని పడవలో తిప్పిన బాబాయ్. రాసుకున్నది నేను. తర్వాత హైదరాబాదు వచ్చి, నాలుగు నెలలు కంప్యూటర్ ముందు కూర్చుని, సరిగ్గా ఆ పర్ర మీదే మడ మొక్కలు నాటమని రంగుల మ్యాపు గీసిచ్చింది కూడా నేనే.

ఏడెనిమిదేళ్ళ కిందటి సంగతి. అప్పుడు నేనొక కన్సల్టెన్సీలో పర్యావరణ మోడలింగ్ చేసేవాణ్ణి. ఆ పని ఏమిటో మా అమ్మకు ఎన్నిసార్లు చెప్పినా 'వాతావరణం ఆఫీసు' అనే చెప్పేది ఇరుగుపొరుగుతో. నిజానికి అంత దూరమేమీ కాదు. నేల, నీరు, ఉప్పు, ఎండ, చెట్టు ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో లెక్కల్లో రాసుకుంటాం. ఆ లెక్కను కంప్యూటర్‌లో నడిపించి, ఇక్కడ అడవి పెంచితే బతుకుతుందా, పదేళ్ళకు ఎంత కార్బన్ దాచుకుంటుంది అని అడుగుతాం. జవాబు మ్యాపుగా, పట్టికగా బయటికొస్తుంది. దాన్ని పట్టుకుని డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో పైవాళ్ళు నిర్ణయిస్తారు.

మాకు అప్పగించిన చోటు కాకినాడకు దక్షిణాన, గౌతమి గోదావరి సముద్రంలో కలిసే వైపు. అక్కడ 235 చదరపు కిలోమీటర్ల కోరింగ అభయారణ్యం ఉంది, 1978లో ప్రకటించారు. దాని గీత బయట మడలు, రొయ్యల చెరువులు, ఉప్పు తేరిన పర్రలు కలగాపులగంగా ఉంటాయి. 1839 తుఫాను కోరంగి రేవును తుడిచిపెట్టిన తీరం ఇది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను గురించి మా ఇంట్లో ఇప్పటికీ గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. నేను పుట్టింది రామచంద్రపురం పక్కన. గోదావరి నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఈ నేల గురించి నాకొకడు చెప్పాలా అన్న ధీమా లోపల ఉండేదని ఇప్పుడు ఒప్పుకోవాలి. రామచంద్రపురంలో ఉండేది మంచినీటి కాలవలు, వరి చేలు. మడ అడవి నేను ఉద్యోగంలో చేరాకే దగ్గర్నుంచి చూశాను.

మొదటి పర్యటన మూడు రోజులు. తెల్ల మడ, నల్ల మడ, తిల్ల, పొన్న ఏది ఎక్కడుందో జీపీఎస్‌తో గుర్తులు పెట్టుకున్నాం. పడవ బాబాయ్ దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఏ పాయలో పూడిక పడింది, ఏ చెరువు గట్టు వల్ల ఏ మడ ఎండింది, మండ పీతలు ఎక్కడ తగ్గాయి, అన్నీ. చాలావరకు రాసుకున్నాను. ఆఫీసుకొచ్చాక ఆ మాటలన్నీ పుస్తకంలోనే ఉండిపోయాయి, ఎందుకంటే నా ఎక్సెల్ షీటులో వాటికి కాలమ్ లేదు. అక్షాంశం, రేఖాంశం, చెట్టు పేరు, అంతే.

ఇప్పుడు తప్పు దగ్గరికొస్తాను. దాన్ని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇదే తప్పు ఇవాళ కూడా ఎవరో ఒకరు ఎక్కడో చేస్తూనే ఉంటారు.

మడ ఎక్కడ బతుకుతుందో చెప్పాలంటే అన్నిటికన్నా ముందు తెలియాల్సింది నేల ఎత్తు. ఎత్తును బట్టే పోటు నీరు రోజుకు రెండుసార్లు వస్తుందా, నెలకు రెండుసార్లు వస్తుందా అన్నది తేలుతుంది. కాకినాడ దగ్గర పెద్ద పోటుకూ పెద్ద ఆటుకూ మధ్య తేడా సుమారు మీటరున్నర. మడలు అందులో కింది సగంలో పెరగవు, ఊపిరాడదు. పై సగంలోనే ఉంటాయి. అంటే అటూ ఇటుగా మూడు జానలు. ఏ చెట్టు ముందుండాలి, ఏది వెనకుండాలి, ఎక్కడ చెట్టన్నదే లేకుండా ఇలకూర మాత్రమే పాకాలి అన్న తగువంతా ఆ మూడు జానల్లోనే తేలిపోతుంది.

నేను వాడిన ఎత్తుల లెక్క ఎక్కడిదంటే, 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ అనే అమెరికా వ్యోమనౌక పదకొండు రోజులు తిరిగి రాడార్‌తో భూమిని కొలిచినది. ఉచితంగా దొరుకుతుంది, ప్రపంచమంతా వాడుతుంది. కొండలకూ లోయలకూ బంగారం లాంటి లెక్క. కానీ అందులో ఎత్తు పూర్తి మీటర్లలో ఉంటుంది. ఒకటి, రెండు, మూడు. ఒకటింపావు అన్నది లేదు. పైగా అసలు కొలతలోనే మీటర్ల కొద్దీ తేడా ఉండొచ్చు. మూడు జానల తగువును తీర్చడానికి నేను తాటిచెట్టును కొలబద్దగా పట్టుకెళ్ళానన్నమాట. ఈ పరిమితి నాకు తెలియక కాదు. రిపోర్టు చివర 'పరిమితులు' అన్న శీర్షిక కింద ఒక వాక్యం రాశాను కూడా. అక్కడ రాసేస్తే పాపం పోతుందన్నట్టు.

దీనికన్నా పెద్దది ఇంకొకటి ఉంది, అది మాత్రం నాకు అప్పుడు తట్టలేదు. ఆ రాడార్ దట్టమైన చెట్ల గుబురును దాటి పూర్తిగా నేల దాకా దిగదు. అడవి ఉన్నచోట అది చూపించే ఎత్తులో చెట్ల ఎత్తు కలిసి ఉంటుంది. మడ అడవుల ఎత్తు అంచనా వెయ్యడానికి శాస్త్రవేత్తలు ఈ గుణాన్నే వాడుకున్నారు, ఆ పేపర్లు నేను చదివాను కూడా. చదివి, ఆ కొలతనే 'నేల ఎత్తు' అని నా మోడల్‌కు తినిపించాను. మోడల్ బుద్ధిగా నేర్చుకుంది: మడలు మూడు నాలుగు మీటర్ల ఎత్తున్న చోట బాగా పెరుగుతాయని. ఎత్తు ఎక్కడిది? ఆ మడలదే.

ఇలాంటి మోడళ్ళు ఎంత బాగా పనిచేస్తున్నాయో చెప్పడానికి ఒక మార్కుల పద్ధతి ఉంది. బొమ్మా బొరుసా వేసి చెప్పినట్టయితే 0.5, అన్నీ సరిగ్గా చెబితే 1. నాకు 0.93 వచ్చింది. రాదా మరి? చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికి, 'దొరికాడు' అని మార్కులు వేసుకోవడమే కదా. దానికి తోడు 'ఇక్కడ మడ లేదు' అని నేర్పడానికి నేనిచ్చిన చోట్లలో వరి చేలున్నాయి, ఊళ్ళున్నాయి, తారు రోడ్లున్నాయి. ముమ్మిడివరం సెంటర్లో మడ చెట్టు మొలవదని చెప్పడానికి మోడల్ ఎందుకు? పాయ ఒడ్డున ఉన్న మడకూ, దానికి వంద అడుగుల వెనక ఉన్న బోడి పర్రకూ తేడా చెప్పగలదా అన్నదే అసలు పరీక్ష. ఆ పరీక్ష నేను పెట్టలేదు.

అలా మోడల్ ఏరిన చోట్లలో బాబాయ్ చెప్పిన పర్ర మొదటి వరసలో, ముదురు ఆకుపచ్చ రంగులో వచ్చింది. రాడార్ పొరపాటున రెండు మూడు మీటర్లు చూపించిన, కాస్త మెరక మీదున్న బోడి నేల. నాకు చాలా తృప్తిగా అనిపించింది. ఖాళీ నేల, ప్రభుత్వ భూమి, పేచీ లేదు.

ఇక కార్బన్. సమావేశంలో ఒక పెద్ద అధికారి సూటిగా అడిగారు: "ఇదంతా సరేనండీ, హెక్టారుకు ఎంత కార్బన్? ఒక్క అంకె చెప్పండి." అదేమీ అన్యాయమైన ప్రశ్న కాదు. 2030 నాటికి అడవుల ద్వారా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన నిల్వను అదనంగా సృష్టిస్తామని మన దేశం 2015లో ప్రపంచానికి మాటిచ్చింది. ఆ మాట జిల్లా దాకా దిగేసరికి ఎవరో ఒకరు ఒక అంకె అడగక తప్పదు. నేను తడుముకోకుండా చెప్పాను. 2011లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం, హిందూ, పసిఫిక్ మహాసముద్రాల తీరాల్లో 25 మడ అడవులను కొలిచి, సగటున హెక్టారుకు 1,023 టన్నుల కార్బన్ ఉందని తేల్చింది. దాన్ని 3.67తో గుణిస్తే కార్బన్ డయాక్సైడ్ లెక్కలో దాదాపు 3,750 టన్నులు. దాన్ని హెక్టార్లతో గుణిస్తే స్లయిడ్ మీద అంకె నిండుగా కనిపించింది.

ఆ అధ్యయనంలోనే ఉంది, ఆ కార్బన్‌లో దాదాపు సగం నుంచి 98 శాతం దాకా చెట్లలో కాక కింది బురదలో ఉందని. తరతరాలుగా వేర్లూ ఆకులూ కుళ్ళకుండా పేరుకున్న బురద అది. ముత్తాతల నాటి డిపాజిట్‌ను నేను ఈ నెల జీతంగా చూపించాను. నిల్వకూ జమకూ తేడా తెలియని గుమాస్తాను ఏ కొట్లోనూ ఉంచుకోరు. నన్ను ఉంచుకున్నారు, మెచ్చుకున్నారు కూడా. నా దగ్గర కనిష్ఠం, గరిష్ఠం అంటూ రెండు అంకెలున్న ఇంకో స్లయిడ్ ఉంది. టీ వచ్చేసరికి దాన్ని దాటేశాను.

మొక్కలు నాటారు. ఊళ్ళోని ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో, కవర్లలో పెంచిన నారును భుజాల మీద మోసుకెళ్ళి వరసలుగా పెట్టారు. ఫొటోలు చాలా బాగా వచ్చాయి. వానలున్నంత కాలం మొక్కలూ బాగానే ఉన్నాయి. ఫిబ్రవరికి ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగాయి. మే నెలాఖరుకు కర్రలు మిగిలాయి. మరుసటి ఏడు చచ్చిన వాటి స్థానంలో కొత్తవి పెట్టారు. అవీ అంతే.

ఇప్పుడు చెప్పబోయేది మోడల్‌కు సంబంధించినది కాదు, నాకు సంబంధించినది. రెండో ఏడు ముగింపు రిపోర్టు నేనే రాశాను. మొక్కలు చనిపోవడానికి కారణాలు అన్న చోట వర్షాభావం, పశువులు తొక్కడం, నర్సరీ నాణ్యత అని రాసి, నాలుగోదిగా 'స్థానికుల నిర్వహణ లోపం' అని రాశాను. అందులో ఒక్కదానికీ నా దగ్గర ఆధారం లేదు. 0.93 వచ్చిన మోడల్ తప్పని మాత్రం మనసు ఒప్పుకోలేదు. బురదలో దిగిన ఆడవాళ్ళ మీద ఆ ఇంగ్లీషు వాక్యం పడిందని వాళ్ళకెవరికీ తెలియదు. అదొక్కటే నాకు కలిసొచ్చింది, సిగ్గుచేటుగా.

నాటితే అడవి అయిపోతుందనుకుని మోసపోయింది నేనొక్కణ్ణే కాదని తర్వాత చదివాను. ఫిలిప్పీన్స్‌లో దశాబ్దాల పాటు భారీగా డబ్బు పోసి నాటిన మడల్లో దీర్ఘకాలం బతికినవి 10 నుంచి 20 శాతమేనని 2008లో ఒక సమీక్ష తేల్చింది. శ్రీలంకలో సునామీ తర్వాత నాటిన చోట్లు 23 పరిశీలిస్తే, 9 చోట్ల ఒక్క మొక్కా మిగల్లేదని 2017లో రాశారు. చదివినప్పుడు కొంత ఊరట కలిగిన మాట నిజం. అయితే ఆ 2008 సమీక్ష నేను మోడల్ చేసేనాటికే వచ్చి తొమ్మిదేళ్ళయింది.

మూడో ఏడు వేసవిలో ఒక పెళ్ళికి అటు వెళ్ళి, ఎవరూ పంపకుండానే ఆ పర్ర దగ్గరికి వెళ్ళాను. బాబాయే తీసుకెళ్ళాడు. జేబులో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ పెట్టుకెళ్ళాను. చేత్తో మూరెడు గొయ్యి తీసి, ఊరిన నీటిచుక్క దాని అద్దం మీద వేసి చూశాను. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పుంటుంది. గోతిలోని నీటిలో దానికి రెట్టింపు పైగా ఉంది. తెల్ల మడ మిగతా వాటికన్నా ఉప్పుకు బాగా ఓర్చుకుంటుంది, కానీ లేత మొక్కకు అంత ఓపిక ఉండదు.

"నీళ్ళు పోవని చెప్పావు కదా బాబాయ్, నాటేటప్పుడు మళ్ళీ ఒక్కమాట గట్టిగా అనాల్సింది" అన్నాను. అనడం అయ్యాక గానీ ఆ మాట ఎంత అన్యాయమైనదో తెలియలేదు.

"మీరు రాసుకున్నారు గదండీ బాబూ. రాసుకున్నోళ్ళకి మళ్ళీ మళ్ళీ ఏం చెప్తాం?" అన్నాడు ఆయన, పడవ కర్ర మీద చెయ్యి తీయకుండా.

అక్కడ జరుగుతున్నది తెలియని విద్యేమీ కాదు. తమిళనాడు పిచ్చావరంలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990లలోనే దీన్ని విడమరిచి చూపించింది. బ్రిటిషు కాలంలో మడలను వంతులవారీగా నరికేశారు. నీడ పోయిన నేల ఎండకు ఆరి, కుంగి, తొట్టిలా తయారైంది. పెద్ద పోటుకు ఎక్కిన నీరు ఆ తొట్టిలో నిలిచిపోయి, ఎండి, ప్రతిసారీ ఇంకొంచెం ఉప్పు వదిలిపెట్టింది. విత్తనం పడినా మొలవదు. దానికి వాళ్ళు చేసిన పని చేప ముల్లులాగా కాలవలు తవ్వడం. నడుమ పెద్ద కాలవ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా చిన్నవి. పోటు నీరు రావాలి, తీసేటప్పుడు ఉప్పును కడుక్కుని పోవాలి. తర్వాత గోదావరి, కృష్ణా డెల్టాల్లోనూ అటవీశాఖతో, ఊళ్ళవాళ్ళతో కలిసి ఇదే పద్ధతి నడిపారు. అంటే నా పర్రకు మందు, నేను మోడల్ చేసిన చోటికి పడవ దూరంలోనే ఉంది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక చిన్న సాయంతో, పాత ఉద్యోగం వదిలేశాక, ఆ పర్రలో ఒక మూలకు మాత్రమే కొత్తగా లెక్క కట్టాం. ఈసారి చెట్టు గురించి ఏమీ అడగలేదు, నీటి గురించే అడిగాం. పాయ నుంచి పర్ర దాకా వెదురు గెడలు పాతి, వాటికి జానకొక సున్నం గీత వేశాం. అమావాస్యకూ పున్నమికీ, మధ్యలో చిన్న పోట్లకూ నీరెక్కడిదాకా వచ్చిందో బాబాయ్ మనవడు ఫోన్లో ఫొటో తీసి పంపేవాడు. నేల ఎత్తును సర్వేయర్ పరికరంతో సెంటీమీటర్లలో కొలిపించాం. మోడల్ అంతా ఒక్క ఎక్సెల్ షీటు: ఎంత నీరు వస్తుంది, ఎంత పోతుంది, ఎంత ఆవిరవుతుంది, ఎంత ఉప్పు మిగులుతుంది. ఇందులో రంగుల మ్యాపు లేదు. కాలవ తవ్వితే ఉప్పు దిగడానికి ఒక వానాకాలం పట్టొచ్చు, మూడు పట్టొచ్చు అని చెప్పింది. ఒకటా మూడా అని అడిగినవాళ్ళకు ఈసారి తెలియదనే చెప్పాను. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో, చెప్పాక ఎదుటివాళ్ళ ముఖంలో మన మీద గౌరవం ఎలా జారిపోతుందో అనుభవిస్తే గానీ తెలియదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మడలకు మళ్ళీ మంచిరోజులొచ్చాయి. 2023 బడ్జెట్‌లో కేంద్రం మిష్టి అనే పథకం ప్రకటించింది, అయిదేళ్ళలో దాదాపు 540 చదరపు కిలోమీటర్లలో మడలు పెంచాలని. మంచి పథకమే, నేను సమర్థిస్తాను. కానీ హెక్టార్ల లక్ష్యం ఉన్నచోట మొదట వెతికేది ఖాళీ నేలను. నా పాత మ్యాపు మళ్ళీ తీసి చూస్తే, కాకినాడ అఖాతంలోని బురద మేటలను కూడా 'క్షీణించిన ప్రాంతం' అని రంగు వేసి ఉన్నాను. అవి క్షీణించినవేమీ కావు. చలికాలంలో ఉత్తర దేశాల నుంచి వేల మైళ్ళు ఎగిరొచ్చే ఉల్లంకి పిట్టలు మేసేది అక్కడే. నీరు తీసినప్పుడు గుల్లలు ఏరుకునేవాళ్ళు దిగేదీ అక్కడే. చెట్టు లేని ప్రతి చోటూ చెట్టు కోసం ఎదురుచూస్తోందనుకోవడం నా మోడల్‌కు నేను నేర్పిన దురభ్యాసం.

ఇంకో సంగతి. నేను ముప్ఫై ఏళ్ళ కార్బన్ లెక్క కట్టాను గానీ ముప్ఫై ఏళ్ళు ఆ నేల ఉంటుందా అని అడగలేదు. ఎగువన ఆనకట్టలు కట్టుకుంటూ వచ్చాక గోదావరి సముద్రానికి మోసే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికే సగం కన్నా తగ్గింది. డెల్టా అంచు కొన్నిచోట్ల కోసుకుపోతోంది. ఒండ్రు లేకపోతే, పైకొస్తున్న సముద్రంతో సమానంగా మడల నేల లేవలేదు. దీన్ని పట్టించుకోని కార్బన్ అంకె ఎవరు తెచ్చినా, నాలాంటివాడు తెచ్చినా, నమ్మకండి.

ఈ పథకాల ఫైళ్ళు చూసే అధికారులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మనవి. రంగుల మ్యాపుతో వచ్చినవాణ్ణి కార్బన్ ఎంత అని అడిగే ముందు, నేల ఎత్తు ఎక్కడి నుంచి తెచ్చావు, ఎన్ని జానల తేడా పట్టగలదు అని అడగండి. వాడు తడుముకుంటే అక్కడే ఆపండి. నన్ను ఆ రోజు ఎవరైనా అడిగి ఉంటే నేను తడుముకునేవాణ్ణి.

పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఆ మూల చూశాను. కాలవలు తవ్వి రెండు వానాకాలాలయింది. పోటుకు కొట్టుకొచ్చిన విత్తనాల నుంచి తెల్ల మడ మోకాలెత్తు లేచి ఉంది, వరసా వావీ లేకుండా. ఆ ఏడాది నివేదికలో 'నాటిన మొక్కలు' అన్న కాలమ్‌లో సున్నా అని ఉంది.